సరిహద్దు ఊళ్లలో బుద్ధిమాంద్యం ఉన్నవారికి తోడుండే సహాయకులను తయారుచేయడం ఎలా?

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఒక ఇంటి పెరట్లో నేను కళ్లారా చూసిన సంగతి ఇది. పిల్లవాడికి పద్నాలుగేళ్లు. పుట్టినప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతింది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. కొత్తగా కుదిరిన ఆయమ్మది ఒడియా. ఆడుకొని మట్టి కాళ్లతో వచ్చిన వాణ్ని కాళ్లు కడుక్కోమంటూ ఆమె "గోడొ" అంది. ఒడియాలో గోడొ అంటే కాలు. వాడు వెళ్లి గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఆమె మళ్లీ అంది. వాడు గోడను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారి ఆమె గొంతు పెంచేసరికి హడలిపోయి ఏడుపు అందుకున్నాడు. ఆ పూట ఆయమ్మ తన పుస్తకంలో రాసుకున్న మాట: "చెప్పింది వినడు."

వాడు విన్నాడు. విన్నది విన్నట్టే చేశాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం ఇళ్లలో మాత్రం ఈనాటికీ తెలుగు వినబడుతుంది. బడిలో ఒడియా, కొండ మీద సవర, కువి అనే గిరిజన భాషలు, ఆస్పత్రిలో హిందీ. మామూలు పిల్లలు ఈ నాలుగింటినీ నెట్టుకొస్తారు. బుద్ధిమాంద్యం ఉన్న మనిషి చేతిలో నలభై మాటలే ఉంటే, ఆ నలభైని దాటి వచ్చి మనతో మాట్లాడలేడు. మనమే అక్కడికి వెళ్లాలి. సహాయకులకు శిక్షణ అంటే నా లెక్కలో ముందుగా ఇదే. మిగతా విద్యలన్నీ దీని మీదే నిలుస్తాయి.

ఇళ్లలోనూ పగటి కేంద్రాల్లోనూ పనిచేసే సహాయకులను తయారుచేయాలనుకునే వారి కోసం, అంటే స్వచ్ఛంద సంస్థలవారు, ప్రత్యేక ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సంఘాల వారి కోసం, ఇది రాస్తున్నాను. మొత్తం 12 వారాల పని. ఒక జట్టులో ఎనిమిది మందికి మించి పెట్టుకోవద్దు.

మొదటి మెట్టు: మనిషిని ఎంచుకోవడం

చదువు పెద్దగా అక్కర్లేదు. మందు చీటీ మీది అంకెలు చదవగలగాలి, జరిగింది నాలుగు వాక్యాల్లో రాయగలగాలి. తక్కిన అర్హతలు కాగితం మీద కనబడవు. అందుకే నేను ఇంటర్వ్యూ చేయను. వచ్చినవారిని ఒక పూట బుద్ధిమాంద్యం ఉన్న మనిషి దగ్గర కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా దూరంగా ఉండి చూస్తాను.

"వీడు టీ తాగుతాడా అమ్మా?" అని తల్లిని అడుగుతోందా, "టీ తాగుతావా బావు?" అని అతన్నే అడుగుతోందా? అతను చెప్పు తొడుక్కోవడానికి తంటాలు పడుతుంటే ఆమె చెయ్యి వెంటనే ముందుకు వెళ్తోందా, కాసేపు ఆగుతోందా? నోటి నుంచి చొంగ కారినప్పుడు మొహం తిప్పుకొంటోందా, తువ్వాలు అందిస్తోందా? ఇవి చూస్తే చాలు. మొదటిదీ రెండోదీ నేర్పితే వస్తాయి. మూడోది నేర్పగలిగినట్టు నాకు ఇంతవరకు అనుభవం లేదు.

మగవారిని తప్పకుండా వెతికి చేర్చండి. ఈ పనికి ఆడవాళ్లే వస్తారు. ఎదిగిన మగపిల్లలకు, నలభై ఏళ్ల మగవారికి స్నానం చేయించాల్సి వచ్చినప్పుడు ఇద్దరికీ ఇబ్బంది. మగవారికి మగ సహాయకుడు, ఆడవారికి ఆడ సహాయకురాలు అన్న నియమాన్ని మొదటి రోజే రాసిపెట్టుకోండి.

రెండో మెట్టు: తెలియాల్సిన నాలుగు సంగతులు, మూడు రోజుల్లో

నేను శిక్షణ ఇచ్చిన మొదటి జట్టుకు వారం రోజులు తెరమీద బొమ్మలు వేసి పాఠాలు చెప్పాను. ఐక్యూ 70 కంటే తక్కువ, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, అతి తీవ్రం అని అన్నీ రాసుకున్నారు. తర్వాత ఇంటికి పంపితే ఒక్కరికీ అన్నం తినిపించడం చేతకాలేదు. ఆ తప్పు నాది. అప్పటినుంచి పాఠాలు మూడు రోజులకు కుదించాను.

మొదటి సంగతి: ఇది పిచ్చి కాదు. మానసిక జబ్బు ఏ వయసులోనైనా రావచ్చు, మందులతో తగ్గవచ్చు. బుద్ధిమాంద్యం ఎదిగే వయసులోనే మొదలవుతుంది. నేర్చుకోవడం, ఆలోచించడం, రోజువారీ పనులు చేసుకోవడం నెమ్మదిగా సాగుతాయి. నెమ్మదిగా అంటే అసలు సాగవని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మానసిక వ్యాధి నిర్వచనంలో బుద్ధిమాంద్యాన్ని చేర్చలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇది విడిగా ఉంది.

రెండోది: ఎందుకు వస్తుంది? కాన్పు కష్టమై బిడ్డ వెంటనే ఏడవకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, డౌన్ సిండ్రోమ్‌లో 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువ ఉండటం, పుట్టుకతో థైరాయిడ్ లోపం, గర్భంలో ఉన్నప్పుడు తల్లికి అయోడిన్ చాలకపోవడం. మన వైపు ఇంకొకటి చేర్చాలి: మెదడుకెక్కిన మలేరియా, మెదడువాపు జ్వరం. 2016లో మల్కనగిరి జిల్లాలో మెదడువాపుతో పిల్లలు పదుల సంఖ్యలో చనిపోయారు. ఇలాంటి జ్వరాల నుంచి బతికి బయటపడ్డ పిల్లల్లో కొందరికి మాట, నడక, తెలివి వెనకబడతాయి. ఎన్నో చోట్ల కారణమే తెలియదు.

మూడోది చెప్పేటప్పుడు నేను గొంతు కాస్త గట్టి చేస్తాను. ఇది తల్లి చేసిన పాపం కాదు, గ్రహణం పట్టడం కాదు, ఎవరి దిష్టీ కాదు. గుణియా (మంత్రగాడు) దగ్గరకు తీసుకెళ్లి వాతలు పెట్టించిన ఒంటిని నేను చూశాను. సహాయకురాలు ఆ ఇంట్లోకి వెళ్లి "మీరు గర్భంతో ఉన్నప్పుడు ఏం చేశారమ్మా?" అని ఒక్క మాటన్నా ఆ తల్లి ఇక ఆమెను నమ్మదు.

నాలుగోది: పిలుపు. నలభై ఏళ్లాయన్ని "ఒరే గుంటడా" అనడం, ఎదిగిన అమ్మాయిని "ఎర్రిగుంట" అనడం మన వైపు ఎవరికీ తప్పుగా తోచదు. సహాయకుల నోట అది రాకూడదు. వయసుకు తగ్గట్టు అన్నయ్య, అప్ప (అక్క), బావు, అమ్మ. ఇంటివారు ఎలా పిలిచినా సరే. ఆయమ్మ "అన్నయ్యా" అనడం మొదలుపెట్టిన ఇళ్లలో మూడు నెలలు తిరిగేసరికి పక్కింటివాళ్లూ అలాగే పిలవడం విన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒక అభ్యాసం చేయించండి. సవర భాష వచ్చిన మనిషిని పిలిపించి, ఆమె చేత మీ సహాయకులకు సవరలోనే పని చెప్పించండి. లే, ఆ గిన్నె తీసుకో, అక్కడ పెట్టు, చొక్కా గుండీ విప్పు. అర్థం కాక నిలబడితే ఆమె గొంతు పెంచాలి, చేయి పట్టి లాగాలి. ఇంకో ఇద్దరికి కళ్లకు గుడ్డ కట్టి, చెప్పకుండా నోటికి చెంచా అందించండి. అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత బుద్ధిమాంద్యం ఉన్నవారితో వాళ్లు మాట్లాడే తీరే మారిపోతుంది. ఒకామె ఏడ్చేసింది. ముందు పనిచేసిన ఇంట్లో తను అలాగే తినిపించేదట.

మూడో మెట్టు: మాటల పుస్తకం

ఇక్కడ తొందరపడకండి. పూర్తిగా వారం రోజులు దీనికే ఇవ్వండి.

సహాయకురాలు ఒక ఇంటికి వెళ్లాక మొదటి అయిదు రోజులు ఏ పనీ నేర్పకూడదు, దేన్నీ మార్చకూడదు. వంద పేజీల నోటుపుస్తకం పట్టుకొని అమ్మ పక్కన, నాన్నమ్మ పక్కన కూర్చోవాలి. పేజీని నిలువుగా మూడు భాగాలు చేయాలి: మనిషి అన్నది లేక చేసింది, ఇంట్లో దానికి అర్థం, అప్పుడు ఇంటివారు చేసేది.

గుణుపురంలో ఒక ఇంట్లో రాసిన పుస్తకం నా దగ్గర ఉంది. ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్లు. మొదటి పేజీలో ఇలా ఉంది. "బు" అంటే అన్నం. "పాణి" అంటే తాగే నీళ్లు, స్నానం నీళ్లు కాదు. స్నానానికి తల మీద చేయి వేసుకుంటుంది. తలుపు గడియ వైపు చూసి ఊగితే దొడ్డికి వెళ్లాలి. చెవి లాక్కుంటే తలనొప్పి లేదా చీకాకు. "టాటా" అంటే వెళ్లడం కాదు, చిన్నాన్న రావడం. ఎందుకంటే చిన్నాన్న మోటారుబండి దిగగానే ముందు తనే "టాటా" అంటాడు.

అన్నానికి తెలుగు, నీళ్లకు ఒడియా. ఈ కలగలుపును సరిచేయకండి. "పాణి కాదు, నీళ్లు అను" అని దిద్దే సహాయకులు ఉంటారు, మంచి మనసుతోనే. ఆ అమ్మాయి ఏళ్లు పట్టి సంపాదించుకున్న మాట అది. ఆయమ్మే "పాణి" అనాలి. ఒడియా ఆయమ్మ తెలుగు ఇంటికి వెళ్తే ఇరవై మాటలు బట్టీ పట్టించండి: కాలు, చేయి, కడుపు, నొప్పి, తిను, తాగు, లే, కూర్చో, ఆగు, వద్దు, ఇంకా కావాలా, అయిపోయింది, అమ్మ వస్తుంది, దొడ్డికి, స్నానం, చొక్కా, మంచం, బయటికి, భయం లేదు, బాగా చేశావు. తెలుగు ఆయమ్మ సవర ఇంటికి వెళ్లినా ఇంతే.

మాట అసలే లేనివారికి వస్తువులతో చెప్పాలి. చెంబు చూపిస్తే స్నానం, కంచం చూపిస్తే భోజనం, చెప్పులు చూపిస్తే బయటికి. ప్రతిసారీ అదే చెంబు, పని మొదలవడానికి క్షణం ముందు. కొన్ని వారాల తర్వాత ఆ మనిషే చెంబు తెచ్చి మీ చేతిలో పెట్టే రోజు రావచ్చు. ఆ రోజు ఎంత పని ఉన్నా వెంటనే నీళ్లు తోడండి. తను అడిగితే జరిగిందన్న సంగతి అప్పుడే తెలుస్తుంది.

ఇంకొక నియమం. ఒకసారి చెప్పాక మనసులో పది లెక్కపెట్టాలి. అలా ఆగడం చాలామందికి ప్రాణసంకటంగా ఉంటుంది. మూడుకే మళ్లీ చెబుతారు, అదీ వేరే మాటల్లో. అవతలి మనిషికి మొదటిది అందేలోపు రెండోది వచ్చి పడుతుంది. శిక్షణలో జతలు జతలుగా కూర్చోబెట్టి గడియారం పెట్టి ఈ ఆగడం సాధన చేయించండి.

నాలుగో మెట్టు: పనిని ముక్కలు చేయడం

ఏ పని నేర్పాలన్నది సహాయకులు తేల్చే సంగతి కాదు. ముందు ప్రత్యేక ఉపాధ్యాయులు చూడాలి. వారు వాడే జాబితాలు ఉంటాయి. మద్రాసులో తయారైన ఎండీపీఎస్‌లో 18 విభాగాల్లో 360 అంశాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ, అంటే 1984లో ఎన్‌ఐఎంహెచ్‌గా మొదలై ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీగా పిలుస్తున్నది, ఎఫ్‌ఏసీపీ అనే జాబితాను తయారుచేసింది. వాటి ఆధారంగా మూడు పనులు మించకుండా ఎంచుకోమనండి. అందులో కనీసం ఒకటి ఆ మనిషికి ఇష్టమైనది కావాలి, ఒకటి తల్లి భారం తగ్గించేది కావాలి.

ఆ పనిని సహాయకురాలు ముందు తను చేసి, ఒక్కో కదలికా రాయాలి. చెంబుతో నీళ్లు పోసుకోవడాన్ని మా వాళ్లు మొదట మూడు ముక్కలుగా రాశారు: ముంచడం, ఎత్తడం, పోయడం. ఇరవై ఆరేళ్ల అప్పకు దాన్ని నేర్పుతుంటే ఎనిమిది రోజులైనా ముంచడం దగ్గరే ఆగిపోయింది. చెంబును నీళ్ల మీద నిటారుగా అదుముతోంది, అది తేలుతోంది, నీళ్లు లోపలికి రావడం లేదు. ఆయమ్మ "ముంచు, ముంచు" అంటూనే ఉంది. పక్కన కూర్చుని చూస్తే సంగతి తెలిసింది. మనం ముంచేటప్పుడు మణికట్టును ఒక పక్కకు వాలుస్తాం. అంచు నీళ్లలో దిగాక మళ్లీ నిలబెడతాం. ఆ రెండు కదలికలూ కాగితం మీద లేవు. పైగా నిండిన ఇత్తడి చెంబు బరువు. చెంబు తీసేసి చిన్న ప్లాస్టిక్ మగ్గు ఇచ్చాం, బకెట్టు నిండా నీళ్లు ఉంచాం, మణికట్టు వాల్చడాన్ని విడి ముక్కగా రాసి చేతి మీద చేయి వేసి చూపించాం. పదకొండో రోజు భుజం మీద పోసుకుంది. చల్లటి నీళ్లు తగలగానే పెద్దగా నవ్వింది.

ముక్కలు రాశాక నేర్పే పద్ధతి రెండు రకాలు. నిక్కరు, పావడా, చొక్కా వంటివి చివరి ముక్క నుంచి నేర్పితే బాగా పట్టుబడతాయి. మోకాళ్ల దాకా మీరు ఎక్కించి, నడుము దాకా లాక్కోవడం మాత్రం ఆ మనిషికి వదలండి. పని పూర్తిచేసిన సంతోషం ఆ మనిషిదవుతుంది. అది వచ్చాక దాని ముందు ముక్క. చేతులు కడుక్కోవడం, పళ్లు తోముకోవడం వంటివి మొదటి నుంచి నేర్పవచ్చు.

సాయం కూడా మెట్లుగా తగ్గాలి. మొదట చేతి మీద చేయి. తర్వాత మోచేతి దగ్గర తాకడం. తర్వాత వేలితో చూపడం. తర్వాత ఒక్క మాట. చివరికి ఊరికే పక్కన ఉండటం. ప్రతిరోజూ ఏ మెట్టు మీద ఉన్నారో పుస్తకంలో ఒక్క అక్షరంతో గుర్తు పెట్టమనండి. వారం రోజులు అదే మెట్టు మీద ఉంటే ముక్క ఇంకా పెద్దదిగా ఉందని అర్థం. మనిషి మొండివాడని కాదు.

మెచ్చుకునేటప్పుడు ఏది చేశారో చెప్పి మెచ్చుకోవాలి. "నీళ్లు నువ్వే ముంచావు" అనడంలో పాఠం ఉంది, "గుడ్ గర్ల్" అనడంలో లేదు. ప్రతిదానికీ బిస్కెట్టు ఇవ్వొద్దు. పళ్లు పాడవుతాయి, ఒళ్లు పెరుగుతుంది.

అయిదో మెట్టు: తిండి, మందులు, ఫిట్స్

ప్రాణం మీదికి వచ్చేవి ఇవే. వీటిలో పరీక్ష పెట్టి, తప్పకుండా పాసైనవారినే ఇళ్లకు పంపండి.

తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి, గడ్డం కొంచెం కిందికి ఉండాలి. పడుకోబెట్టి నోట్లో పోయడం ఎప్పటికీ కూడదు. సహాయకురాలు ఎదురుగా, అతని కళ్ల ఎత్తులోనే కూర్చోవాలి. చిన్న ముద్ద, మింగాక ఇంకొకటి. పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం)లోని పల్చటి నీళ్లు, టీ వంటివి కొందరికి మింగడం కష్టం, గొంతులో అడ్డం పడతాయి. అలాంటివారికి చోడి (రాగి) అంబలి కాస్త చిక్కగా కాచి ఇస్తే సులువుగా దిగుతుంది. తింటున్నప్పుడు దగ్గు, కళ్లవెంట నీళ్లు, భోజనం తర్వాత గొంతు గరగరలాడటం, మాటిమాటికీ ఛాతీలో నిమ్ము: ఇవి కనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. తిన్నాక అరగంట కూర్చోబెట్టాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. ఫోనులో టైము చూడాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు, పొయ్యి, కత్తిపీట తప్పించాలి. తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి. వీలవగానే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, చొంగ బయటికి పోయేలా. చేతులు కాళ్లు అదిమి పట్టకూడదు. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకూడదు. పూర్తి తెలివి వచ్చేదాకా నీళ్లు పోయకూడదు. తాళంచెవులు చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఫిట్ ఆగదు. అది దానంతటదే ఆగుతుంటే తాళంచెవుల వల్ల ఆగిందనుకుంటాం. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా, నీళ్లలో ఉండగా వచ్చినా, దెబ్బ తగిలినా, ఇదివరకు ఎప్పుడూ ఫిట్స్ లేకపోయినా 108కి ఫోను చేయాలి. ఇది బొమ్మను పడుకోబెట్టి కనీసం పదిసార్లు చేయించండి. మాటల్లో అప్పజెప్పినవాళ్లు అసలు సమయంలో కాళ్లు పట్టుకోవడం చూశాను.

ఫిట్స్ ఉన్నవారు మహేంద్రతనయలోనో వంశధారలోనో చెరువులోనో ఒంటరిగా దిగకూడదు. కట్టెల పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదు. ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా సొంతంగా ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే ఇంటివారికి గుర్తుచేయడం సహాయకుల పని. ఫెనిటాయిన్ అనే ఫిట్స్ మందు వాడేవారిలో కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి, పళ్లు మరింత శ్రద్ధగా తోమాలి.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి విషయంలో మెడ జాగ్రత్త. కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది, పిల్లిమొగ్గలు వేయించడం, మెడ పట్టి లాగడం వద్దు. ఏటా థైరాయిడ్ పరీక్ష చేయించారా అని అడగాలి.

ఆరో మెట్టు: కొట్టడం, అరవడం, విసరడం

శిక్షణకు వచ్చేవారు మొదటి రోజు నుంచి అడిగే ప్రశ్న ఇదే: "కొడితే ఏం చేయాలి?" ఆరో వారం దాకా నేను జవాబు చెప్పను. మాటల పుస్తకం రాసి, పనులు ముక్కలు చేయడం వచ్చేసరికి సగం జవాబు వాళ్లకే దొరుకుతుంది.

మిగతా సగం ఒక కాగితం. దాని మీద మూడు గడులు: ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. రెండు వారాలు వదలకుండా, తేదీ వారం గంట వేసి రాయాలి. కాశీనగర్ వైపు ఒక అబ్బాయి కంచం విసిరేస్తున్నాడని ఇంట్లో చేతులు కట్టేసేవారు. కాగితం చూస్తే అన్నీ వారంలో ఒకే రోజున, సంత రోజున. వాళ్లమ్మ ఆ రోజు వాడు ఏడుస్తాడని పెరటి తలుపు నుంచి చెప్పకుండా సంతకు వెళ్తుంది. వాడికి ఆమె మాయమైపోయినట్టే. కంచం విసిరితే పక్కింటి పిన్ని పరిగెత్తుకొచ్చి "అమ్మ వచ్చేస్తుందిలే" అంటుంది. ఆ మాట వినడానికి వాడికున్న దారి అదొక్కటే. సంత సంచి వాడి చేతికిచ్చి, చూపించి, "వస్తాను బావు" అని చెప్పి వీధి తలుపు నుంచి వెళ్లమన్నాం. మొదటి రెండు వారాలు ఏడ్చాడు, కంచం మాత్రం విసరలేదు. మూడో వారం నుంచి ఆ సంచి తనే తెచ్చి ఇస్తున్నాడు.

కొత్తగా మొదలైన ప్రవర్తనకు ముందుగా ఒంట్లో బాధ వెతకాలి. పంటి నొప్పి, చెవిలో చీము, మలబద్ధకం, మూత్రంలో మంట, నెలసరి నొప్పి. చెప్పుకోలేని మనిషి తల బాదుకుంటాడు. బద్ధకించి "స్వభావం" అని రాసేస్తే పన్ను పుచ్చిపోతుంది.

కట్టేయడం, గదిలో పెట్టి గడియ వేయడం, అన్నం ఆపడం, గిల్లడం, కారం చూపించి బెదిరించడం: వీటిలో ఏదీ శిక్షణలో భాగం కాదు. 2016 చట్టంలోని 92వ సెక్షన్ కింద దివ్యాంగులను నలుగురి ముందు కావాలని అవమానించినా, దాడి చేసినా, తమ అదుపులో ఉన్నవారికి తెలిసి తిండి ఇవ్వకపోయినా ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు. ఇది సహాయకులకు వర్తిస్తుంది, కేంద్రం నడిపేవారికీ వర్తిస్తుంది.

ఏడో మెట్టు: ఒళ్లు, సిగ్గు, భద్రత

ఈ పాఠానికి ఆడవారినీ మగవారినీ విడిగా కూర్చోబెట్టండి. సిగ్గుపడి దాటవేస్తే నష్టపోయేది మాట లేని అమ్మాయి.

స్నానం, దొడ్డి, బట్టలు మార్చడం తలుపు మూసే జరగాలి, ఆ మనిషికి "తెలియదు" అనుకున్నా సరే. తాకే ముందు చెప్పాలి: "ఇప్పుడు వీపు రుద్దుతాను." తను చేసుకోగలిగిన చోట తనే రుద్దుకోవాలి. తన ఒంటిని ఎవరు తాకవచ్చో, ఎవరు తాకకూడదో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. ఎవరైనా ఎప్పుడైనా తాకుతూ పెరిగిన మనిషికి చెడ్డ తాకిడి వేరుగా తోచదు.

నెలసరి నేర్పాలంటే మొదలవక ముందే మొదలుపెట్టాలి. లోదుస్తుల్లో ప్యాడ్ పెట్టుకొని కూర్చోవడం అలవాటు చేయాలి, తర్వాత ఎర్ర రంగు నీళ్లతో చూపించాలి, వాడినది కాగితంలో చుట్టి ఎక్కడ వేయాలో రోజూ అదే చోట చూపించాలి. "గర్భసంచి తీయించేస్తే గొడవ వదులుతుంది" అని ఇంట్లో అంటారు. సహాయకురాలు తల ఊపకూడదు. గర్భసంచి తీయించినంత మాత్రాన అఘాయిత్యం ఆగదు, అది బయటపడకుండా పోతుందంతే.

ఒంటి మీద గుర్తులు, హఠాత్తుగా ఒకరిని చూసి భయం, పక్క తడపడం మళ్లీ మొదలవడం కనిపిస్తే తేదీతో రాయాలి, శిక్షకులకు అదే రోజు చెప్పాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. 1098 (పిల్లల సహాయం), 112 (అత్యవసరం) అంకెలు ప్రతి సహాయకురాలి ఫోనులో ఉండాలి.

ఎనిమిదో మెట్టు: కాగితాలు

సహాయకులు గుమాస్తాలు కాదు. అయినా ఈ ఊళ్లలో కాగితం సంగతి తెలిసిన మనిషి ఇంటికి వచ్చేది వాళ్లొక్కరే. శ్రీకాకుళంలో పుట్టింట ఉన్నప్పుడు తీసిన వైకల్య ధ్రువపత్రం ఒడిశాలో చెల్లదని తిప్పి పంపితే వెనక్కి రావద్దు. చట్టం ప్రకారం అది దేశమంతా చెల్లుతుంది. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉందా, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్చారా (లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది), ఒడిశాలో మధుబాబు పింఛను వస్తోందా అని అడిగి రాసుకోవాలి. పద్దెనిమిదేళ్లు దాటినవారికి చట్టబద్ధ సంరక్షకుల నియామకం జిల్లా కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే స్థానిక కమిటీ చేస్తుంది. ఏదైనా చిక్కు వస్తే జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయానికి వెళ్లాలి.

ఈ పనిలో ముందుకు వెళ్లాలనుకునేవారికి చెప్పండి: నేషనల్ ట్రస్ట్ సహయోగి పథకం కింద సంరక్షకులకు శిక్షణ ఉంది, 2021లో భారత పునరావాస మండలి మెల్బోర్న్ విశ్వవిద్యాలయంతో కలిసి మొదలుపెట్టిన ఆరు నెలల సీబీఐడీ (అందరినీ కలుపుకొనే సమాజ ఆధారిత అభివృద్ధి) కోర్సు ఉంది.

తొమ్మిదో మెట్టు: ఇళ్లలో సాధన

మూడో వారం నుంచి వారంలో నాలుగు రోజులు ఇంట్లో, ఒక రోజు తరగతిలో. శిక్షకులు పదిహేను రోజులకొకసారి ఇంటికి వెళ్లి కనీసం గంటసేపు కూర్చోవాలి. మాట్లాడకుండా చూడాలి. తప్పు కనిపిస్తే ఆ మనిషి ముందు, తల్లి ముందు చెప్పకూడదు. ఆయమ్మ నడిచి వెళ్తుంటే పక్కన నడుస్తూ చెప్పాలి.

ఆయమ్మల నడుములు పోతున్నాయి. అరవై కిలోల మనిషిని ఒక్కరే లేపకూడదు. మోకాళ్లు వంచి, ఒంటికి దగ్గరగా పట్టుకొని, ఇద్దరు కలిసి లేపడం నేర్పండి. వారానికి ఒక పూర్తి సెలవు, నెల జీతం ఫలానా తేదీన అని ముందే ఒప్పందం రాయించండి. జీతం ఇరవై రోజులు ఆలస్యమైన ఇంట్లో ఓపిక ఉండాలని మనం పాఠం చెప్పలేం. తరగతి రోజు మొదటి గంట ఊరికే మాట్లాడుకోనివ్వండి. కొరికినవాళ్ల సంగతి, ఏడ్చిన సంగతి, కోపంతో చెయ్యి లేచి ఆపుకున్న సంగతి. చెయ్యి లేచిందని చెప్పిన మనిషిని తిట్టకండి. చెప్పనివారి గురించే నాకు భయం.

12వ వారం చివర్లో నేను రాతపరీక్ష పెట్టను. సహాయకురాలు తనతో ఉన్న మనిషిని తీసుకొని వీధి చివరి కొట్టుకు వెళ్లాలి. నేను ఎదురుగా అరుగు మీద కూర్చుంటాను. కొట్టతను మామూలుగానే ఆయమ్మను అడుగుతాడు, "వీడికేం కావాలి?" అని. పోయినసారి గుణుపురంలో, మాటల పుస్తకం సంగతిలో చెప్పిన అమ్మాయిని తీసుకెళ్లినప్పుడు, అలాంటి ప్రశ్నకే ఆయమ్మ జవాబు చెప్పలేదు. పక్కకు తిరిగి ఆ అమ్మాయి వైపు చూసి ఊరుకుంది. నేను మనసులో లెక్కపెడుతున్నాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆ అమ్మాయి సీసాల వైపు వేలు చూపించి "పాణి" అంది.